ఉద్దెర మాట, నగదు నవ్వు

మా చిన్నబాపు బొటనవేలిని ఫోను గుర్తుపట్టదు. ఫిబ్రవరి వచ్చిందంటే అసలే పట్టదు. పసుపు తవ్వి, కొమ్ములు ఒక దిక్కు, గోళ ఒక దిక్కు విరిచి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసే రోజులవి. ఆ వేలి మీది గీతలు సగం ఎప్పుడో అరిగిపోయాయి, మిగిలిన సగం పసుపుతో పూడిపోయాయి. నొక్కుతాడు, ఫోను ఒకసారి వణికి ఊరుకుంటుంది. తువ్వాలకు తుడుచుకుని మళ్లీ నొక్కుతాడు; మళ్లీ వణుకుతుంది. ఇక లాభం లేదని నా చేతిలో పెడతాడు.

“నువ్వే తియ్యిరా. రేషన్ దుకాణంల మిషినే నన్ను గుర్తువడ్తలేదు, ఇదేం గుర్తువడ్తది!”

ఆ పొద్దు నిజామాబాద్ జిల్లా ఏర్గట్లలో మా కళ్లం దగ్గర కడాయి కింద మంట సగం చల్లారింది. ఉడికిన పసుపు వాసన ఎట్లుంటుందో తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. మట్టి, మందు, పెండ్లిల్లు మూడూ కలిసినట్టుంటుంది. ఫోను తెరిచి ఊరి గ్రూపు తీశాను. రాత్రి నుంచి డెబ్బై దాకా వచ్చిపడ్డాయి. గులాబీ పువ్వు మీద శుభోదయం, వేములవాడ రాజన్న ఫొటో, ఎవరిదో దశదినకర్మ కార్డు, నిజామాబాద్ గంజ్‌లో నిన్నటి రేటు చీటీ. వాటి నడుమ ఒక వీడియో. వేదిక మీద ఒక లీడరు చెయ్యెత్తి, ఇచ్చిన మాట తప్పేదే లేదంటున్నాడు. పక్కన బ్రహ్మానందం నమ్మినట్టే నమ్మి, మెల్లగా మొహం తిప్పుకుంటున్నాడు. అంతే, పదిహేను సెకన్లు. చిన్నబాపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి వచ్చింది. “సంపిండ్రు పో,” అని కళ్లు తుడుచుకున్నాడు. పసుపు చేత్తో తుడుచుకున్నాడు కాబట్టి కంటి కింద ఒక గీత పడింది.

ఆ వీడియో పంపింది ఊళ్లో ఉన్నవాళ్లు కాదు, మస్కట్‌లో ఉన్న ఆయన కొడుకు. మా దిక్కున ఇంటికొకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉంటారు. ఊరి గ్రూపు అంటే నిజానికి ఊరూ, దుబాయీ, మస్కటూ, కువైటూ కలిసిన గ్రూపు. అక్కడి నైట్ డ్యూటీ దిగి గదికి పోయే బస్సులో కూర్చుని తమ్ముడు ఏదో ఒకటి పంపుతాడు. ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. బాగున్నవా, బాగున్న, తిన్నవా, తిన్న. అక్కడికి మాటలు అయిపోతాయి. జోకుకు ఆ ఇబ్బంది లేదు. “వాని జోకు అచ్చిందంటే పోరడు మంచిగున్నట్టు లెక్క,” అంటాడు చిన్నబాపు. లీడరు మీద వేసిన జోకు కాస్తా ఆయనకు కొడుకు క్షేమ సమాచారం అయింది. ఇదంతా పనిలేనివాళ్ల పిచ్చి అని తేల్చిపారేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆ కళ్లంలో కూర్చుని చూస్తే, ఆ జోకు తప్ప మరేదీ వేళకు వచ్చేది కాదు. పసుపు తొమ్మిది నెలల పంట. తొలకరికి విత్తితే సంక్రాంతి దాటాక గానీ చేతికి రాదు. తవ్వాక ఉడకాలి, ఉడికాక రెండు మూడు వారాలు ఎండాలి, ఎండాక డ్రమ్ములో పడి నునుపు తేలాలి, అప్పుడు గంజ్‌కు పోవాలి. పోయిననాడు రేటు ఉండాలి. వడగండ్లు పడితే పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు. లీడరు మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్ని ఉద్దెర ఖాతాల నడుమ బతికే మనిషికి చేతికి చేత దొరికే నగదు ఆ నవ్వు ఒక్కటే. లీడరు మాట ఉద్దెర, దాని మీద నవ్వు నగదు. సోషల్ మీడియాలో మనవాళ్లను కట్టిపడేసేది ఏమిటని అడిగితే నా జవాబు ఇంతే: రావలసిన బాకీ రాదని తెలిసినవాడు కనీసం వడ్డీ కింద ఒక నవ్వు వసూలు చేసుకుంటున్నాడు.

ఈ వసూలు మనకు కొత్త కాదు. నా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చే రోజుల్లో ఊరికి పిట్టలదొర వచ్చేవాడు. పాత ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. కొందరు తుపాకి రాముడు అంటారు. మాటలు మాత్రం సర్కారును జేబులో వేసుకుని తిరుగుతున్నట్టుండేవి. సముద్రాన్ని పట్టుకొచ్చి మీ చెరువులో కట్టేసి పోతానని, ఇంటికొక రైలు నడిపిస్తానని కోతలు కోసేవాడు. దొరల కాలంలో గడీ ముందరే దొర వేషం కట్టి, అధికారి గప్పాలు కొట్టే తీరును అధికారికే చూపించిన కళ అది. పిల్లలం రైలు సంగతికి నవ్వేవాళ్లం, పెద్దలు అది ఎవరి గొంతో గుర్తుపట్టి నవ్వేవాళ్లు. ఆఖరున ఆయన చేట పట్టేవాడు, మా అవ్వ గింజలు పోసేది. ఆ నవ్వుకు ఒక మొహం ఉండేది, ఒక చేట ఉండేది. నవ్వించినవాడు ఎవరో, ఎవరిని చూసి నవ్వామో, దానికి ఏం ఇచ్చామో అందరికీ తెలుసు.

తర్వాత ఆ పని పత్రికలు చేశాయి. ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ దాదాపు నలభై ఏండ్లు తెలుగిళ్లలో చాయ్‌తో పాటు నడిచింది. కానీ మంత్రి ఇవాళ నోరు జారితే కార్టూను రేపు పొద్దున వచ్చేది; ఆర్మూర్ నుంచి బస్సు మీద పేపరు కట్ట దిగి మా ఊరికి చేరేసరికి ఇంకో రెండు గంటలు. ఒక రాత్రి ఆగిన జోకు అది. ఆగింది కాబట్టి కాస్త ఊరేది కూడా. కింద సంతకం ఉండేది, పైన ఎడిటరు ఉండేవాడు, కోపం వస్తే ఎవరిని అడగాలో తెలిసేది.

2012లో వీ6 చానెల్ వచ్చి, తీన్మార్ వార్తలు మొదలయ్యాక ఇంకో మార్పు జరిగింది. అది నా మటుకు పెద్ద మార్పు. అంతకుముందు సినిమాల్లో మన యాస మాట్లాడితే వాడు రౌడీ అయినా అయి ఉండాలి, నవ్వులాటకు పెట్టిన పనోడైనా అయి ఉండాలి. యాసను చూసి నవ్వేవాళ్లు. తీన్మార్‌లో ఆ యాసే కుర్చీలో కూర్చుని లీడర్లను చూసి నవ్వింది. బిత్తిరి సత్తి అమాయకంగా అడిగే ప్రశ్నలో పిట్టలదొర తుపాకి కనబడేది. ఆ నటుడే 2019లో ‘తుపాకీ రాముడు’ పేరుతో సినిమా చేశాడంటే వంశం ఎక్కడిదో వేరే చెప్పాలా? అదే కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న తీన్మార్ మల్లన్న 2024లో ఎమ్మెల్సీ అయ్యాడు. నవ్వించినవాడు కుర్చీ ఎక్కితే రేపు ఆయన మీద నవ్వడానికి మరొకడు తయారవుతాడు. ఆ బదిలీ ఆగదు.

2016లో రెండు సంగతులు ఒక్క నెల తేడాతో జరిగాయి. సెప్టెంబరులో జియో వచ్చింది, అక్టోబరులో మోర్తాడ్ నుంచి విడదీసి ఏర్గట్లను మండలం చేశారు. మండలానికి ఆఫీసులు ఒక్కొక్కటే వచ్చాయి. నెట్టు మాత్రం అందరి జేబుల్లోకి ఒకేసారి దిగింది. అప్పటి నుంచి నవ్వు రేపటి దాకా ఆగడం మానేసింది. లీడరు స్టేజీ దిగకముందే ఆయన మాట బ్రహ్మానందం మొహానికి అతుక్కుని మా కళ్లంలోకి వచ్చేస్తోంది. ఒకప్పుడు అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన ఆ బ్రహ్మానందమే ఇప్పుడు రాయడం రాని తెలుగువాళ్లందరికీ లిపి అయ్యాడు. మా పెద్దమ్మకు అక్షరం రాదు. కానీ ఏ మాటకు బ్రహ్మానందం ఏ స్టిక్కరు పెట్టాలో ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు.

ఇంతకీ మా ప్రాంతపు అసలు జోకు ఫోనులో పుట్టలేదు, రోడ్డు మీద పుట్టింది. అది పసుపు బోర్డు జోకు.

పొగాకుకు బోర్డు ఉంది, మసాలా దినుసులకు ఉంది, మా పసుపుకు ఎందుకు లేదన్నది ఆర్మూర్, బాల్కొండ రైతుల పాత ప్రశ్న. 2014లో నిజామాబాద్ నుంచి ఎంపీగా గెలిచిన కవిత బోర్డు కోసం ఢిల్లీలో అడిగారు, రాలేదు. 2019 ఎన్నికల్లో ధర్మపురి అర్వింద్ ఇంకో అడుగు వేసి, గెలిచిన ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని, తేకపోతే రాజీనామా చేస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు. 70,875 ఓట్ల తేడాతో గెలిచారు. ఐదు రోజులు గడిచాయి, ఐదు నెలలు గడిచాయి. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం నిజామాబాద్‌కు వచ్చింది, రైతు అడిగిన బోర్డు మాత్రం రాలేదు. ‘బాండు పేపరు’ మా ఇంట్లో సామెత అయి కూర్చుంది. ఎవరైనా చేబదులు అడిగి, వారంలో ఇస్తానంటే, “బాండు పేపర్ మీద రాసిస్తవా ఏంది?” అని నవ్వడం మొదలైంది.

2023 మార్చి ఆఖరున నిజామాబాద్‌లో తెల్లారేసరికి రోడ్ల పక్కన పచ్చటి ఫ్లెక్సీలు వెలిశాయి. ఒట్టి పసుపు రంగు బోర్డులు. మా ఎంపీ గారు తెచ్చిన పసుపు బోర్డు ఇదేనని వాటి మీద రాసి ఉంది. ఈ జోకు వేరే భాషలోకి పోదు. పసుపు అంటే పంటా, రంగూ రెండూ అయిన భాషకే ఆ నవ్వు దక్కింది. ఫొటో మా గ్రూపులోకి వచ్చిన పది నిమిషాల్లో మస్కట్ పోయి, అక్కడి నుంచి వేరే నంబరు మీద మళ్లీ మా దగ్గరికే తిరిగి వచ్చింది. ఎవరు పెట్టించారన్న వాదన ఒకటి నడిచింది; రైతులన్నారు, కాదు ఎదుటి పార్టీవాళ్లన్నారు. ఏ పార్టీ ఖర్చు అయినా నవ్వు మాత్రం మాదే అనుకున్నాం అప్పుడు.

ఆ నవ్వు ఏమైనా సాధించిందా? తూచి చూద్దాం. ఆరు నెలలకు, 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని మోదీ జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. 2025 సంక్రాంతినాడు అది మొదలైంది. అంకాపూర్‌కు చెందిన పల్లె గంగారెడ్డి తొలి చైర్మన్. జూన్‌లో అమిత్ షా వచ్చి నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయం ప్రారంభించారు. ఎన్నికలు ముంగిట ఉన్నాయి కాబట్టి వచ్చిందనండి, ఏండ్ల తరబడి రైతు కొట్లాడాడు కాబట్టి వచ్చిందనండి. ఫ్లెక్సీ వల్లే వచ్చిందని మాత్రం నేను అనను. పోనీ, జోకు మనిషిని ఓడించిందా అంటే అదీ లేదు. 2023 డిసెంబరులో కోరుట్ల అసెంబ్లీకి ఓడిన అర్వింద్, ఆరు నెలలకే నిజామాబాద్ ఎంపీగా లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో మళ్లీ గెలిచారు. పచ్చ బోర్డు ఫొటో చూసి పడీపడీ నవ్విన ఫోన్లలో చాలా ఫోన్లు ఆ ఓట్లు వేసినవాళ్లవే అయి ఉంటాయి. నవ్వు వేరు, ఓటు వేరు. రెండింటికీ ఒకటే వేలు గానీ ఒకటే లెక్క కాదు.

అయినా ఆ ఫ్లెక్సీకి ఒక గుణం ఉంది. అది బాకీని గుర్తుచేసింది. ‘ఈ లీడరు మొహం చూడు’ అనలేదు, ‘ఈ మాట చూడు’ అంది. ఫోనులో రోజుకు పది జోకులు వస్తాయి. తొమ్మిదింట్లో మాట ఉండదు, మొహమే ఉంటుంది. పొట్ట, బట్టతల, నత్తి. ఆడ లీడరైతే జోకు పసుపు దగ్గర ఆగదు, చీర దాకా పోతుంది. అట్లాంటి నవ్వుకు బాకీ గుర్తుండదు. పైగా చెల్లిపోయినట్టే అనిపిస్తుంది. గట్టిగా నవ్వుకున్నాం, వాడి పరువు తీశాం, ఇక అడగడానికి ఏం మిగిలింది? నగదు నవ్వుతో వచ్చే చిక్కు ఇదే. పెద్ద బాకీని చిల్లరకు చెల్లువేస్తుంది.

లీడర్లకు ఈ కిటుకు మనకంటే ముందే తెలిసింది. మాజీ మంత్రి మల్లారెడ్డి పాలమ్మిన, పూలమ్మిన ముచ్చట రాష్ట్రమంతా తిప్పి తిప్పి నవ్వింది. ఆయన నొచ్చుకున్నారా? మళ్లీ మళ్లీ చెప్పారు, కాలేజీ పిల్లలతో చెప్పించారు, ఆడారు, పాడారు. మీమ్ ఆయనకు ఖర్చులేని ప్రచారం అయింది. నవ్వు తగలని చోటు ఒకటుంది: తన మీద తానే ముందు నవ్వేసినవాడి ఒళ్లు. ఇక పార్టీలు జీతాలిచ్చి జోకులు రాయించుకుంటున్న కాలమిది. కళ్లంలో మేం ఊరికే నవ్వుకున్నామనుకున్న నవ్వుకు ఎక్కడో ఒక ఆఫీసులో హాజరు పట్టీ ఉంటుంది.

నవ్వు నచ్చని లీడర్లు ఠాణా దారి పట్టారు. అభ్యంతరకరమైన పోస్టు అంటే చాలు లోపలేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. సెక్షన్ పోయింది, అలవాటు పోలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి మీద వ్యంగ్య చిత్రం పెట్టిన ‘పొలిటికల్ పంచ్’ పేజీ నిర్వాహకుణ్ని అరెస్టు చేశారు. 2020లో విశాఖ గ్యాస్ లీకు గురించి ఫేస్‌బుక్‌లో పోస్టు పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళను సీఐడీ పిలిచి ప్రశ్నించింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో, ముఖ్యమంత్రిని ఒకాయన తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులు జైలుకు పోయారు. అందులో బూతులు ఉన్నాయన్న మాట తోసిపుచ్చేది కాదు గానీ, తెల్లవారుజామున తలుపు తట్టాల్సినంత నేరమా అన్నది ప్రశ్న. మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు. చర్మం పలుచన మాత్రం ఒక్కటే. అదే ఏడు సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, మాట కటువుగా ఉందని రాజకీయ విమర్శల మీద యాంత్రికంగా కేసులు కట్టొద్దని పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. వెనక్కి పోతే, 1987లో ‘మండలాధీశుడు’ సినిమాలో ఎన్టీఆర్‌ను పోలిన వేషం కట్టినందుకు తాను అభిమానుల దెబ్బలు తిన్నానని కోట శ్రీనివాసరావు చెప్పుకునేవారు. నవ్వించడం ఎప్పుడూ కొంత ఒళ్లు నొచ్చే పనే.

నాకు ఆఖరున అందిన తూకపు రాయి కూడా అదే: ఈ జోకుకు నీకేం ఖర్చయింది?

ఖర్చుపెట్టి వేసిన జోకు ఒకటి మా జిల్లాలో ఉంది. 2019లోనే. ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించమని రైతులు ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు. ఎవరూ పలకకపోతే ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో ఆఖరుకు నిలిచింది 185 మంది. అందులో 170కి పైగా రైతులే. అన్ని పేర్లు ఒక్క యంత్రంలో పట్టవు. ఒక్కో బూతులో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా కలిపి పెట్టారు. ఏప్రిల్ 11న మా అవ్వ లోపలికి పోయి, ఒక కొస నుంచి ఇంకో కొసకు నడుచుకుంటూ గుర్తు వెతుక్కుని బయటికొచ్చి, “ఇది బూతా, టీవీల దుకాణమా?” అంది. కొందరు రైతులు అక్కడితో ఆగక వారణాసికి పోయి ప్రధాని మీదా నామినేషన్లు వేశారు. ఒకరి నామినేషన్ నిలిచింది కూడా.

దీనికి పెద్దన్న నల్లగొండలో ఉన్నాడు. 1996లో ఫ్లోరైడు నీళ్లు తాగలేక అక్కడ 480 మంది లోక్‌సభకు పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయి, ఎన్నికే వాయిదా పడింది. అప్పుడు డిపాజిట్టు 500 రూపాయలు. ఆ ఏడే దాన్ని 10,000 చేశారు, తర్వాత 25,000 చేశారు. నవ్వు మరీ చవగ్గా దొరుకుతోందని సర్కారే రేటు పెంచిందన్నమాట. ఆ పెరిగిన రేటు కట్టి మరీ మావాళ్లు నవ్వించారు. గెలవమని తెలుసు, డిపాజిట్టు రాదని తెలుసు. పసుపు అమ్మిన డబ్బులోంచి తీసి కట్టిన వేలవి. ఆ పేర్లు, ఆ మొహాలు యంత్రం మీద వరుసగా నిలబడ్డాయి. పిట్టలదొర గడీ ముందు నిలబడ్డట్టు.

ఫోనులోని నవ్వును దానితో పోల్చి చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అందరూ నామినేషన్లు వేయలేరు. మస్కట్‌లో గది తలుపు వేసుకుని పడుకున్నవాడికి ఆ పదిహేను సెకన్లే ఊరు. కానీ ఒకటి గమనించాను. మా గ్రూపులో ప్రధాని మీద జోకు పడుతుంది, ముఖ్యమంత్రి మీద పడుతుంది, ట్రంపు మీద పడుతుంది. ఊరు దగ్గరవుతున్న కొద్దీ జోకులు పలుచబడతాయి. కమీషన్ ఏజెంటు మీద పడదు. మా దిక్కు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు ఎంత బరువుందో తెలిసినవాళ్లెవరూ వాటి మీద స్టిక్కరు పెట్టరు. రేపు పొద్దున ఎదురుపడే మనిషి మీద నవ్వాలంటే గుండె కావాలి. దూరం ఉన్నంతవరకే నవ్వు చవక. పిట్టలదొరకూ ఫోనుకూ తేడా యంత్రంలో లేదు, ఆ దూరంలో ఉంది.

వెంటనే పంపేసే తొందరలో ఇంకో ముల్లు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. 2018 మేలో ఇదే ఫోన్లలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వీడియోలు తిరిగాయి. తెలంగాణలో అనుమానంతో అమాయకులను కొట్టారు. మా జిల్లాలోనూ ఒక ప్రాణం పోయింది. గద్వాలలో పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఆ వదంతిని ఆపాల్సి వచ్చింది. జోకును పంపిన వేలే దాన్నీ పంపింది. ఆ ఏడు జులైలో వాట్సాప్ ఒకసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. నవ్వుకు ముందు ఒక్క క్షణం ఆగితే జోకు చచ్చిపోతుంది నిజమే. ఆగకపోతే మనిషే పోయిన రోజులున్నాయి.

మార్చిలో ఎండిన పసుపు వేసుకుని నిజామాబాద్ గంజ్‌కు పోయాం. కుప్పల మధ్య కొత్త బోర్డు ముచ్చట్లే. పరిశోధన అంటున్నారు, ఎగుమతులు అంటున్నారు, 2030 కల్లా వంద కోట్ల డాలర్ల ఎగుమతి లక్ష్యం అంటున్నారు. మద్దతు ధర ప్రకటించే పంటల పట్టీలో పసుపు లేదు, బోర్డు వచ్చినంత మాత్రాన చేరనూ లేదు. ఆ రోజు పలికిన ధర మేం దారిలో వేసుకున్న లెక్క కంటే తక్కువే. చిన్నబాపు చీటీని దూరంగా పట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొన్న సేటు ఎదురుగానే ఉన్నాడు.

“బోర్డైతే అచ్చింది సేటూ,” అన్నాడు, “గని దాని మీద రేటు రాసుడు మర్శిండ్రు.”

చుట్టూ ఉన్న నలుగురైదుగురు గొల్లుమన్నారు. హమాలీ బస్తా మీది చెయ్యి తీయకుండానే నవ్వాడు. సేటు కూడా నవ్వాడు, తల దించుకుని. రేటు మారలేదు. కానీ తూకం దగ్గర ఎప్పుడూ లేనిది, ‘కూర్చో కాకా’ అని కుర్చీ జరిపాడు.

మర్నాడు పొద్దున నేను కళ్లం ఊడుస్తుంటే ఫోను మోగింది. మస్కట్ నుంచి తమ్ముడి మెసేజీ. తలపాగా చుట్టుకున్న ఎవరో ముసలాయన ఫొటో, పక్కన బ్రహ్మానందం, కింద పెద్ద అక్షరాల్లో, బోర్డు వచ్చింది గాని రేటు రాయడం మరిచారని. దాని కింద తమ్ముడు రాశాడు: ‘బాపూ, గీ ముసలాయన ఎవలోగని మంచిగన్నడు.’

చదివి వినిపించాను. చిన్నబాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది. “ఎవలోనట!” అన్నాడు. ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు, తువ్వాలకు వేలు తుడుచుకున్నాడు, నొక్కాడు. ఫోను వణికి ఊరుకుంది.

“నువ్వే తియ్యిరా,” అని మళ్లీ నా చేతిలో పెట్టాడు. “అన్నది నేనే అని రాయి.” నేను రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దులే. డ్యూటీ దిగి నవ్వుకుంటున్నడు. నవ్వనియ్యి.”